మూడు పళ్లు పీకించినా పోని నొప్పి



పోయిన వేసవిలో ఒక సోమవారం పొద్దున్నే మేము సికింద్రాబాదు జూబ్లీ బస్ స్టేషనుకు వెళ్లి సిద్దిపేట బస్సు కోసం ఎదురుచూశాము. వచ్చేది మా పెద్దమ్మ. వయసు డెబ్బైకి దగ్గర. బస్సు దిగుతున్నప్పుడే చూశాము, అంత ఎండలోనూ కొంగు తల మీదుగా తెచ్చి కుడి చెంపకు గాలి తగలకుండా కప్పుకొని ఉంది. దగ్గరకు తీసుకొని ముద్దు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "అటు దిక్కు ముట్టకు బిడ్డా" అంది.

పన్ను నొప్పి ఉన్నవాళ్లు మామూలుగా చెంపను అరచేత్తో గట్టిగా పట్టుకొని కూర్చుంటారు. ఈమె ముట్టనివ్వడం లేదు. ఈ తేడా మేము అప్పుడు గమనించలేదు. తరువాత డాక్టరమ్మ చెబితే తెలిసింది.

ఎనిమిది నెలల్లో పెద్దమ్మ మూడు పళ్లు పీకించుకుంది. మొదటిది నిజంగానే పుచ్చిన పన్ను. అది తీశాక నాలుగు రోజులు బాగానే ఉండి మళ్లీ నొప్పి మొదలైంది. పక్క పన్ను అనుకున్నారు, అదీ తీశారు. మళ్లీ వచ్చింది, దాని వెనుక దంతమూ పోయింది. ఆ చివరి రెండూ గట్టి పళ్లే. "మూడు పండ్లు పీకిన్రు, నొప్పి మాత్రం పీకలే. ఇంక ఎన్ని పండ్లు పీకుతరు బిడ్డా?" అని ఆమె అడిగిన మాటే ఈ నెల మన శీర్షికకు కారణం. పల్లెల్లో ఉన్న మన కుటుంబాల్లో ఇలాంటివారు ఇంకా ఉంటారు. వారి ఇంటివారైనా దీన్ని చదువుతారని వ్రాస్తున్నాము.

సికింద్రాబాదులో ఒక పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్లాము. అక్కడ పళ్ల డాక్టరు నోరంతా చూసి, ఎక్స్‌రే తీయించి, మిగిలిన పళ్ల మీద చిన్న ఇనుప పిడితో టకటక కొట్టి చూశారు. ఆ పళ్లలో ఏ తప్పూ లేదన్నారు. నొప్పి విభాగంలో ఉన్న డాక్టరమ్మ దగ్గరికి పంపించారు. ఈమె మత్తు వైద్యురాలు. ఆపరేషన్లప్పుడు మత్తు ఇచ్చేవారే ఈ రోజుల్లో మొండి నొప్పులకు కూడా వైద్యం చేస్తున్నారు. ఆమె పెద్దమ్మ నోరు చూడకముందే ఎదురుగా కూర్చొని మాటలు మొదలుపెట్టింది.

"ఎట్లా వస్తుందమ్మా నొప్పి?"

"మెరుపు కొట్టినట్టు కొడతది. లెక్క పెట్టేలోపట పోతది. మళ్లొస్తది."

"ఏం చేస్తే వస్తుంది?"

"మొఖం కడిగితే వస్తది. రొట్టె నమిలితే వస్తది. గాలి తాకినా వస్తది."

"రాత్రి నిద్రలో?"

"పండుకున్నంక రాదు."

డాక్టరమ్మ కాగితం మీద ఏదో వ్రాసుకొని మావైపు చూసి, "ఇది పన్ను చేసే గొడవ కాదు, నరం చేసే గొడవలాగుంది" అంది. పుచ్చిన పన్ను అయితే నొప్పి గంటల తరబడి సలుపుతుంది, వేడికీ చల్లకీ ఎక్కువవుతుంది, రాత్రి నిద్ర పట్టనివ్వదు. ఈమెది క్షణాల్లో వచ్చి క్షణాల్లో పోయే నొప్పి, ముట్టుకుంటే రగిలే నొప్పి. ఒక వైపే వస్తుంది. యాభై ఏళ్లు దాటినవారిలో, ఆడవారిలో కొంచెం ఎక్కువగా కనబడుతుంది.

మన ముఖానికి రెండు వైపులా ఒక్కొక్క పెద్ద నరం ఉంది. మెదడు నుండి నేరుగా వచ్చే నరాలలో ఇది అయిదవది. వైద్య గ్రంథాలలో దీని పేరు త్రిధార నాడి. పేరుకు తగినట్టే చెవి ముందు భాగాన, పుర్రె లోపల అది మూడు పాయలవుతుంది. పై పాయ నుదుటికీ కంటి చుట్టూ పోతుంది. నడిమి పాయ చెంపకూ పై దవడకూ పై పళ్లకూ పోతుంది. కింది పాయ కింది దవడకూ కింది పళ్లకూ నాలుక ముందు భాగానికీ పోతుంది. పన్నులోనైనా దవడలోనైనా చెవి ముందు కీలులోనైనా నొప్పి పుడితే ఆ కబురు ఈ ఒక్క కాలువ గుండానే మెదడుకు చేరాలి. అందుకే ఇంటి వెనుక మంట పెడితే ముందు గదిలో పొగ వచ్చినట్టు, ఒక చోటి నొప్పి ఇంకొక చోట తెలుస్తుంది. కింది పన్ను పుచ్చితే చెవిపోటు వచ్చినట్టు ఉండడం మీలో చాలామందికి అనుభవమే.

ఇక్కడ ఒక మాట. పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందని మన పల్లెల్లో ఇప్పటికీ నమ్మేవారున్నారు. ఆ భయంతో చీముపట్టిన పన్నును ఏళ్ల తరబడి నోట్లో ఉంచుకుంటారు. కంటి చుట్టూ ఉన్న చర్మానికీ పై పళ్లకూ స్పర్శనిచ్చేది ఒకే నరం పాయలు అన్నది నిజమే. అయితే చూపునిచ్చే నరం పూర్తిగా వేరు. అది కనుగుడ్డు వెనుక నుండి మెదడుకు పోతుంది, పళ్లతో దానికి పని లేదు. పన్ను తీసినందువల్ల చూపు పోదు. నిజానికి చీమును అలాగే వదిలేస్తేనే అది పైకి కంటి దాకా, కిందికి గొంతు దాకా పాకి ప్రాణం మీదికి తెస్తుంది.

పెద్దమ్మ విషయానికి వద్దాము. "మరి మొదటి పన్ను తీసినప్పుడు నాలుగు రోజులు నొప్పి ఎట్లా పోయింది?" అని మేము అడిగాము. డాక్టరమ్మ చెప్పిన జవాబు మాకు ఎంతో ఉపయోగంగా తోచింది. ఈ నరం జబ్బులో నొప్పి కొన్నాళ్లు వచ్చి కొన్నాళ్లు దానంతటదే ఆగుతుంది. పన్ను తీసిన వారంలోనే అలా ఆగితే పన్ను వల్లనే తగ్గిందని రోగీ అనుకుంటాడు, వైద్యుడూ అనుకుంటాడు. రెండవ మోసం ఇంకా గట్టిది. పన్ను పక్కన తిమ్మిరి సూది వేయగానే ఈ మెరుపు నొప్పి కూడా ఆగుతుంది. ఎందుకంటే మెరుపును రగిలించే చోటు చిగురు మీదే ఉండవచ్చు, అది మొద్దుబారితే మెరుపు రాదు. "చూశారా, సూదితో పోయింది కనుక తప్పు ఈ పన్నుదే" అని పన్ను తీసేస్తారు. సూది చెప్పిన సాక్ష్యం ఒక్కటే చాలదు. ఎక్స్‌రే, పన్ను మీద తట్టి చూడడం, వేడి చల్లని పరీక్ష, అన్నిటికన్నా ముందు రోగి మాట, ఇవన్నీ కలిసి రావాలి. అయితే పన్ను బాగా మొద్దుబారిన తరువాత కూడా నొప్పి అలాగే ఉంటే మాత్రం అది ఆ పన్నుది కాదని గట్టిగా చెప్పవచ్చునట.

మెదడుకు ఎంఆర్ఐ స్కానింగ్ తీయించారు. ఏదైనా గడ్డ ఆ నరాన్ని నొక్కుతున్నదేమో చూడడానికి. దేవుని దయవలన అటువంటిదేమీ లేదు. రక్తనాళమొకటి నరానికి ఆనుకొని ఉంది, ఈ జబ్బులో అది తరచుగా కనబడేదే. కార్బమజెపిన్ అనే మాత్రలు వ్రాశారు. 1960ల నుండి ఈ జబ్బుకు వాడుతున్న మందు ఇదే. మొదటి వారంలోనే నొప్పి సగానికి తగ్గింది. కానీ మోతాదు పెంచేసరికి తల తిరగడం, నిద్రమత్తు, ఒక రోజు వంటింట్లో పడబోయింది. రక్త పరీక్షలో ఉప్పు తగ్గిందని తేలింది. వయసు మళ్లినవారికి ఈ మాత్రలతో ఇలా జరుగుతుంది. ఒంటి మీద దద్దురు వస్తే కూడా మాత్ర ఆపి వెంటనే డాక్టరుకు చూపాలి. దుకాణంలో చీటీ లేకుండా కొని వేసుకొనే మందు కాదు.

అప్పుడు డాక్టరమ్మ, "మోతాదు తగ్గిద్దాము. స్కానింగ్ చూసుకుంటూ నరం దగ్గర ఒక సూది వేద్దాము" అంది.

పెద్దమ్మ గాభరాగా మా మోచేయి పట్టుకొని చెవిలో చెప్పింది: "ఈ వయసుల నాకు స్కానింగేంది బిడ్డా? ఊర్ల తెలిస్తే నవ్విపోతరు."

డాక్టరమ్మకు వినబడనే వినబడింది, ఆమె కూడా నవ్వింది. పల్లెలో స్కానింగ్ అంటే గర్భిణీకే. ఆ గది గోడ మీద కూడా 'ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు' అన్న బోర్డు వేలాడుతూనే ఉంది. 1994లో వచ్చిన చట్టం ప్రకారం ఇలాంటి ప్రతి మిషనునూ ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. నరాలకు సూది వేయడానికి మాత్రమే వాడే మిషనుకు కూడా ఆ నియమం ఉంది. ఆడపిల్లలను గర్భంలోనే చంపేవారి పాపం వల్ల దవడ నొప్పి డాక్టరు కూడా రిజిస్టర్లు వ్రాయవలసి వస్తోంది. ఆ నియమం ఉండవలసిందే అని మా అభిప్రాయం.

పెద్దమ్మకు రెండవ భయం సిగ్గు కన్నా పెద్దది. "మత్తు ఇస్తే మళ్ల లేవకపోతే?" అని అడిగింది.

ఈ ప్రశ్న పెద్దమ్మది మాత్రమే కాదు. 130 ఏళ్ల క్రితం దీని మీద లోకమంతా హైదరాబాదు వైపు చూసింది. ఆ కాలంలో ఆపరేషనుకు, పన్ను పీకడానికి కూడా క్లోరోఫారం వాసన చూపించేవారు. 1848లో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల బాలిక కాలి గోరు తీయడానికి క్లోరోఫారం ఇస్తే కొద్ది నిమిషాల్లోనే చనిపోయింది. తరువాత అలాంటి చావులు ఇంకా జరిగాయి. చంపుతున్నది గుండె ఆగిపోవడమా, ఊపిరి ఆగిపోవడమా అని వైద్యులు రెండుగా చీలారు. హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా, ఇక్కడి వైద్య పాఠశాలకు అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ, ఊపిరిని జాగ్రత్తగా కనిపెట్టి ఉంటే క్లోరోఫారంతో ప్రమాదం లేదని గట్టిగా వాదించాడు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆయనకు అండగా నిలిచాడు. 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషను జరిగింది. లండనులోని లాన్సెట్ పత్రిక దాన్ని ఒప్పుకోలేదు. మీరే ఒక నిపుణుణ్ణి పంపండని నిజాము 1000 పౌన్లు ఇచ్చాడు. 1889లో లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు ఓడెక్కి వచ్చాడు. వందలాది జంతువుల మీద పరీక్షలు చేశారు. లారీ మాటే నిజమని రెండవ కమిషను తేల్చింది.

అది పూర్తిగా నిజం కాదని 1911లో లండనులో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు చూపించాడు. చాలీచాలని క్లోరోఫారం ఇచ్చినప్పుడు గుండె హఠాత్తుగా తప్పుగా కొట్టుకొని ఆగిపోగలదు. అయినా ఊపిరిని కనిపెట్టి ఉండాలన్న లారీ మాట ఈనాటికీ మత్తు వైద్యులు తప్పడం లేదు. ఆ లారీ దగ్గర చదివినవారిలో రూపాబాయి ఫర్దూంజీ అనే పార్శీ యువతి ఉంది. ఆమె 1889 నుండి హైదరాబాదులో రోగులకు క్లోరోఫారం ఇచ్చింది. ప్రపంచంలోనే మత్తు వైద్యం చేసిన మొదటి స్త్రీలలో ఆమెను లెక్కిస్తారు. పెద్దమ్మకు మత్తు వైద్యం చేయబోయేది ఒక స్త్రీ అన్నప్పుడు మాకు ఆమె జ్ఞాపకం వచ్చింది.

నొప్పి ఒక్క దవడలో ఉంటే మనిషినంతా ఎందుకు నిద్రపుచ్చాలి అన్న ఆలోచన 1884లో దారి తీసింది. వియన్నాలో కార్ల్ కోలర్ కొకెయిన్ చుక్కలతో కన్ను మొద్దుబారుతుందని చూపించాడు. కొద్ది నెలలకే అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ అదే మందును కింది దవడ నరం దగ్గర సూదితో వేసి పళ్లను మొద్దుబార్చాడు. పాపం, ఆ పరీక్షలను తన మీదే చేసుకొని ఆయన ఆ మందుకు బానిసయ్యాడు. తరువాత అలవాటుపడని మందులు వచ్చాయి. ఇప్పుడు మన పళ్ల డాక్టర్లు ఎక్కువగా వాడే లిగ్నోకెయిన్‌ను 1943లో స్వీడనులో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేశాడు. కనుక పెద్దమ్మా, ఈ సూదితో నువ్వు నిద్రపోవు, మాతో మాట్లాడుతూనే ఉంటావు అని చెప్పాము. కొంచెం కుదుటపడింది.

ఇంతకూ స్కానింగ్ ఎందుకు? మామూలుగా కింది పన్ను తీసేటప్పుడు డాక్టరు నోట్లో వేలు పెట్టి దవడ ఎముక అంచును తడిమి, ఆ అంచనాతో లోపలి వైపు సూది వేస్తారు. నరం ఎముకలోకి దూరే చిన్న రంధ్రం అక్కడ ఉంటుంది. అయితే అందరి దవడా ఒక్కలా ఉండదు. నూటికి 15 నుండి 20 సార్లు ఆ సూది సరిగా పట్టదని దంతవైద్య గ్రంథాలే చెబుతున్నాయి. అప్పుడు మళ్లీ వేస్తారు. చాలామందికి అంతటితో పని జరిగిపోతుంది. చీము నిండిన చోట కూడా తిమ్మిరి మందు సరిగా పనిచేయదు. "నాకు సూది ఎక్కదు" అని కొందరు గొప్పగానో బాధగానో చెప్పుకోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

పెద్దమ్మకు వేయవలసిన చోటు ఇంకా లోతైనది. కింది పాయ పుర్రెలో నుండి బయటపడే చోటికి దగ్గరగా, చెంప మీది నుండి నాలుగైదు సెంటీమీటర్ల లోపల. దారిలో పెద్ద రక్తనాళం ఉంది. ఇదివరకు అక్కడికి కూడా అంచనాతోనే పోయేవారు, లేదా ఎక్స్‌రే మిషను కింద పడుకోబెట్టేవారు. స్కానింగ్ మిషను చెవికి వినబడని శబ్దాన్ని లోపలికి పంపి, తిరిగివచ్చిన ప్రతిధ్వనితో బొమ్మ గీస్తుంది. బావిలోకి కేక వేస్తే తిరిగివచ్చే శబ్దాన్ని బట్టి లోతు ఊహించినట్టు. ఎక్స్‌రే కిరణాలు ఇందులో లేవు. 1994లో వియన్నా వైద్యులు భుజం దగ్గరి నరాలకు ఈ పద్ధతిలో సూది వేసి చూపించారు. ఆ తరువాత చేతులకు, కాళ్లకు వాడుక పెరిగి, చివరికి ముఖానికి వచ్చింది.

ముఖం దగ్గర ఒక చిక్కు ఉంది. శబ్దం ఎముకను దాటి పోదు, దవడేమో అంతా ఎముక. అయితే చెంప ఎముక కింద, కింది దవడ పైకొస మీద ఒక పల్లం ఉంది. నోరు కొద్దిగా తెరిస్తే దవడ కీలు ముందుకు జరిగి ఆ పల్లం కిటికీలాగా తెరుచుకుంటుంది. ఆ కిటికీలో నుండి లోపలి కండరాలు, దాని వెనుక ఎముక పలక, కొట్టుకుంటున్న రక్తనాళం కనబడతాయి. రక్తం పారుతున్న చోట ఎర్రగా, నీలంగా రంగు కూడా చూపిస్తుంది మిషను. నరం మాత్రం సన్నది, అంత లోతులో చాలాసార్లు స్పష్టంగా కనబడదు. కానీ చుట్టూ ఉన్న గుర్తులు కనబడతాయి, సూది ఎక్కడిదాకా వచ్చిందీ, మందు ఎటు పరుచుకుంటున్నదీ కనబడుతుంది. చీకట్లో తాళం చెవి వెతకడానికీ దీపం పెట్టుకొని వెతకడానికీ ఉన్నంత తేడా అని డాక్టరమ్మ చెప్పింది.

ఆ రోజు మమ్మల్ని గది తలుపు దగ్గర నిలబడనిచ్చారు. పెద్దమ్మను ఎడమ పక్కకు తల తిప్పి పడుకోబెట్టి, వేలికి రక్తంలోని ఆక్సిజను కొలిచే క్లిప్పు పెట్టి, చేతి నరానికి సెలైన్ గొట్టం పెట్టి, చెంప మీద చల్లని జిగురు రాశారు. ఆ జిగురు తగలగానే ఒక మెరుపు కొట్టింది. కాళ్లు ముడుచుకుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. డాక్టరమ్మ ఆగి, అది పోయేదాకా నుదుటి మీద చెయ్యి వేసి నిలబడింది. తరువాత పది నిమిషాల పని. లిగ్నోకెయిన్‌తో పాటు వాపు తగ్గించే స్టిరాయిడ్ మందు కొద్దిగా కలిపి వేశారు. లేచి కూర్చున్నాక పెద్దమ్మ తన కుడి చెంపను తానే వేలితో ముట్టుకొని చూసుకుంది. ఒకసారి కాదు, చాలాసార్లు. ఎనిమిది నెలల తరువాత ఆ చెంప మీద ఆమె చెయ్యి పడడం అదే మొదటిసారి.

ఇది చదివి ప్రతి పన్ను నొప్పికీ స్కానింగ్ సూది కావాలని ఎవరూ అడగవద్దు. మామూలుగా పన్ను తీయడానికి, పన్ను వేరుకు వైద్యం చేయించడానికి నోట్లో వేసే చిన్న సూదే చాలు. నోరు తెరుచుకోనివారికి మాత్రం బయటి నుండి వేసే సూది ఎంతో మేలు. దవడ విరిగినవారు, దవడ కండరాలు బిగుసుకుపోయినవారు, గుట్కాలు వక్కపొడి నమిలి నమిలి బుగ్గల లోపలి చర్మం గట్టిపడి రెండు వేళ్లు కూడా పట్టనివారు ఈ కోవలోకి వస్తారు. ఈ చివరి రకం మన కుర్రవాళ్లలో చాలా కనబడుతోంది. గుండె బలహీనంగా ఉండి పూర్తి మత్తు ఇవ్వడం కష్టమైనవారికీ, దవడ ఆపరేషను తరువాత నొప్పి తగ్గడానికీ, గ్రహణమొర్రి ఉన్న పిల్లలకు అంగిలి కుట్టేటప్పుడూ ఇలాంటి సూదులు వేస్తున్నారు. చెవి ముందు కీలు నొప్పికి కూడా వాడతారు గాని, ఆ నొప్పి చాలామందిలో మెత్తని ఆహారం, కాపడం, పళ్లు కొరికే అలవాటు మానడంతోనే తగ్గుతుంది. అది ముందు చేయాలి.

సూదికీ దాని ప్రమాదాలు ఉన్నాయి. మందు పొరపాటున రక్తనాళంలోకి పోతే చెవుల్లో హోరు, నాలుక మీద ఇనుము రుచి, మూర్ఛ కూడా రావచ్చు. చెంప కమిలి వాచవచ్చు. ముఖం కదిలించే నరానికి మందు తగిలితే కొన్ని గంటలు కన్ను సరిగా మూతపడదు. అందుకే ఆక్సిజను, ఇతర అత్యవసర మందులు చేతికి అందే చోటనే వేయించుకోవాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవారు, చక్కెర, బి.పి., గుండె జబ్బు ఉన్నవారు ఆ మాట ముందే చెప్పాలి. సిగ్గుపడి దాచవద్దు. మొద్దుబారిన మూడు నాలుగు గంటలూ వేడి టీ తాగవద్దు, ఏమీ నమలవద్దు. పిల్లలు మొద్దుబారిన పెదవిని రక్తం వచ్చేలా కొరుక్కుంటారు, తల్లులు పక్కన కూర్చోవాలి.

ఇంకొక రెండు సంగతులు చెప్పకుండా ఉండలేము. మెట్లు ఎక్కినప్పుడు, పొలంలో బరువు మోసినప్పుడు వచ్చి, కూర్చుంటే తగ్గే దవడ నొప్పి గుండెది కావచ్చు. ముఖ్యంగా చెమటతో, ఆయాసంతో వస్తే పళ్ల డాక్టరు దగ్గరికి కాదు, ఆలస్యం చేయకుండా గుండె పరీక్ష చేసే ఆస్పత్రికి వెళ్లాలి. రెండవది, పన్ను పీకిన గుంట మూడు వారాలకు కూడా మానకపోయినా, నోట్లో తెల్ల మచ్చ గాని పుండు గాని తగ్గకపోయినా, పొగాకు వాడేవారు క్యాన్సరు పరీక్ష చేయించుకోవాలి. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకొని అడ్డపొగ తాగే తల్లులకు అంగిలిలో ఈ జబ్బు వస్తుంది. పన్ను నొప్పికి పొగాకు పొడి అద్దడం, ఆస్ప్రిన్ బిళ్ల చిగురు మీద పెట్టుకోవడం కూడా మానాలి. బిళ్ల చిగురును కాలుస్తుంది. లవంగ నూనె చుక్క దూదితో పెడితే కాసేపు ఉపశమనం ఉంటుంది, అది ఆస్పత్రికి బస్సు దొరికేదాకా మాత్రమే.

పెద్దమ్మకు ఆ సూదితో జబ్బు నయమైందని మేము చెప్పడం లేదు. ఆరు వారాలు నొప్పి దాదాపు లేదు. తరువాత చిన్నగా మొదలైతే రెండవసారి వేశారు. మాత్రలు సగానికి తగ్గాయి, తల తిరగడం పోయింది. ఇది కూడా పనిచేయని రోజు వస్తే నరాన్ని వేడితో మొద్దుబార్చే పద్ధతి ఉంది, నరాన్ని నొక్కే రక్తనాళాన్ని పక్కకు తప్పించే ఆపరేషను ఉంది. ఆమె వయసుకు ఏది తగునో అప్పుడు చూద్దామని డాక్టరమ్మ అంది. మీ ఇంట్లో ఇలాంటివారుంటే నొప్పి ఎప్పుడు, ఎంతసేపు, దేనివల్ల వస్తున్నదో ఒక వారం కాగితం మీద వ్రాసుకొని తీసుకెళ్లండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవారు ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగితే దేనికి వర్తిస్తుందో చెబుతారు.

మొన్న డిసెంబరులో పెద్దమ్మ మళ్లీ వచ్చింది. పొద్దున్నే లేచి, మేము వేడినీళ్లు పెడతామన్నా వినకుండా, పెరట్లో బకెట్లోని చన్నీళ్లతో ముఖం కడుక్కుంది. రెండు చేతులా రెండు చెంపలూ రుద్దుకుంది. తరువాత జొన్నరొట్టె ముందు కూర్చొని ఎడమ వైపు మెల్లగా నములుతూ, "బిడ్డా, ఆ మూడు పండ్లు ఊరికే పోయినయి గదా. గక్కడ మళ్ల ఏమన్న పెడతరా?" అని అడిగింది.

పళ్ల డాక్టరును అడిగాము. కట్టుడు పళ్ల గురించి ఆయన చెప్పినది వచ్చే నెల వ్రాస్తాము.